దూరపు ఊళ్ళ పేర్లు తెలుగు నోటితో: తరచుగా అడిగే ప్రశ్నలు

పటం ముందు కూర్చుని, వేలు పెట్టి, ఊళ్ళ పేర్లు పైకి చదువుకునే అలవాటున్నవాళ్ళ కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. వచ్చే నెల విమానం ఎక్కేవాళ్ళకు ఎంత పనికొస్తాయో, ఎప్పుడు ఎక్కుతామో తెలియనివాళ్ళకూ అంతే పనికొస్తాయి. మొదటినుంచి చివరిదాకా మేం పట్టుబట్టే సంగతి ఒకటే: పేరును ఇంగ్లీషు మీదుగా తెచ్చుకోకండి. చెవితో విని, నేరుగా తెలుగులో రాసుకోండి.

స్పెల్లింగు చూసి చదివేస్తే సరిపోదా?

సరిపోదు. రోమన్ లిపి ఒకటే అయినా దేశానికో పలుకు. 'జె' అక్షరాన్ని స్పెయిన్‌లో గొంతు గీరుకునే హ లాగా పలుకుతారు. జర్మనీ, పోలండ్, ఐస్‌లాండ్‌లలో య అంటారు. 'సి' ఇండోనేషియాలో చ, టర్కీలో జ, పోలండ్‌లో ౘ. జావా దీవిలోని చిరెబొన్‌ని 'సిరెబాన్' అన్నా, టర్కీలోని ఎర్జింజాన్‌ని 'ఎర్జిన్‌కాన్' అన్నా అక్కడివాళ్ళకు అందదు.

పోలండ్ మధ్యలో ఒక పెద్ద నగరం ఉంది. దాని పేరు రాయడానికి అడ్డగీత కొట్టిన 'ఎల్', పైన గీత ఉన్న 'ఓ', తర్వాత 'డి', చివర గీత ఉన్న 'జెడ్'. ఇంగ్లీషు అలవాటుతో చదివితే 'లాడ్జ్' అవుతుంది. ఆ ఊరివాళ్ళు అనేది 'ఊచ్'. అడ్డగీత 'ఎల్' అంటే పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వ. గీత ఉన్న 'ఓ' అంటే ఉ. చివరి రెండూ కలిసి మెత్తటి జ, మాట చివర పడేసరికి చ అయిపోతుంది. నాలుగు అక్షరాల్లో ఒక్కటీ ఇంగ్లీషు లెక్కకు లొంగదు. తెలుగులో రెండక్షరాలు చాలు. ఆ మాటకు అర్థం పడవ.

తెలుగు లిపితో వీటిని రాయగలమా?

అనుకున్నదానికంటే బాగా రాయగలం. వాడుకలోంచి జారిపోయాయని మనం పక్కన పెట్టిన అక్షరాలే ఇక్కడ అక్కరకొస్తాయి.

ముందు ౘ. చాప, చుక్క, చలి అనేటప్పుడు నాలుక కొస పళ్ళ వెనక తగులుతుంది; చిలక, చెట్టు అనేటప్పుడు ఇంకొంచెం పైకి వెళ్తుంది. ఆ మొదటి పలుకునే పాత నిఘంటువులు ౘ అని వేరే గుర్తుతో అచ్చువేసేవి. ఇంగ్లీషులో దీనికి విడి అక్షరం లేదు. జర్మన్ 'జెడ్' అచ్చంగా ఇదే: మైన్ౘ్. మనం ఫ్లోరెన్స్, వెనిస్ అనే ఊళ్ళు ఇటలీవాళ్ళ నోట ఫిరెన్ౘె, వెనెౘ్య. జపాన్‌లో మౘుమొతొ, ౘుకుబ. పోలండ్‌లో వ్రొౘ్‌వాఫ్. ఒక్క అక్షరం గుర్తుంచుకుంటే నాలుగు దేశాల పేర్లు దారికొస్తాయి. ౘ, దాని జంటైన ౙ (జడ, జామలలోని జ) రెండూ యూనికోడ్‌లో ఉన్నాయి. ఫోన్ కీబోర్డులో కనిపించకపోతే ఒకసారి ఎక్కడినుంచైనా కాపీ చేసి, షార్ట్‌కట్‌గా దాచుకోండి.

తర్వాత అరసున్న. వాఁడు, వీఁడు అని పాత పుస్తకాల్లో కనిపించే ఆ గుర్తును ఇప్పుడు మనం పలకడం లేదు. ఫ్రెంచి ముక్కు అచ్చులకు దానంత అమరే గుర్తు ఇంకోటి లేదు. లియోఁ అని రాసుకోండి. పలికే కిటుకు ఇది: ముందు 'లియోన్' అనండి. మళ్ళీ అంటూ, న్ కోసం నాలుక పైకి లేచేలోపు ఆపేయండి. గాలి ముక్కులోంచి పోవాలి, నాలుక మాత్రం దేనికీ తగలకూడదు. ముక్కు పట్టుకుని పలికితే గొంతు మారాలి. మారకపోతే అది ఉత్త ఓ మాత్రమే.

శ, ష. మాట్లాడేటప్పుడు చాలామందికి ఈ రెండూ ఒకటైపోయాయి. చైనా పటం తెరిచారంటే మళ్ళీ విడదీసుకోక తప్పదు. షాంఘైలోది నాలుక వెనక్కి మడిచే ష. మట్టి సైనికుల బొమ్మలు బయటపడిన శీఆన్‌లోది నాలుక ముందుకు చాచే శ. పోలిష్‌లోనూ ఈ తేడా ఉంది.

ఞ. బళ్ళో 'ఇని' అని నేర్చుకుని వదిలేశాం. ఇటలీలో బొలోఞ, స్పెయిన్‌లో కొరూఞ, కంబోడియా రాజధాని చివర పెఞ్. 'జ్ఞ'లోంచి జ తీసేసి పలకండి, దొరుకుతుంది.

ఇక హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు. ఎ, ఏ, ఒ, ఓ లకు విడివిడి అక్షరాలున్నందుకు జపాన్ పేర్ల దగ్గర మనకు సుఖం. తోక్యోలో రెండూ దీర్ఘాలే. క్యోతొలో మొదటిది దీర్ఘం, చివరిది హ్రస్వం. మన పత్రికల్లో కనిపించే 'ఒసాకా' సరిగ్గా తిరగబడింది: అసలు పేరు ఓసక, మొదటి అక్షరం ఒక్కటే దీర్ఘం. సప్పొరొ, హొక్కైదో లాంటి వాటిలో ఒత్తు నిజంగా ఒత్తి పలకాల్సిందే. అప్ప, అక్క అన్నట్టు అంటే చాలు. ట కూడా పెట్టకండి, త పెట్టండి.

వత్తక్షరాలు, ఖ ఛ థ ఫ, ఎక్కడైనా పనికొస్తాయా?

చైనా, థాయ్‌లాండ్ పేర్లకు అవే ప్రాణం. చైనీయుల రోమన్ స్పెల్లింగులో 'బి' అంటే బ కాదు, వత్తులేని ప. 'పి' అంటే వత్తున్న ఫ, అంటే ప మీద హ. పళ్ళు పెదవికి ఆనించి ఊదే ఫ్యాను ఫ కాదు. అలాగే 'డి' త, 'టి' థ, 'జి' క, 'కె' ఖ. 'జె' అక్షరం చ, 'క్యూ' అక్షరం ఛ. ఆ లెక్కన బీజింగ్ అసలు పలుకు పెయ్‌చింగ్‌కి దగ్గర. 'క్యూ'తో మొదలయ్యే రేవు పట్నం ఛింగ్‌తావ్. నోటి ముందు అరచేయి పెట్టుకోండి. ఛ దగ్గర గాలి తగలాలి, చ దగ్గర తగలకూడదు.

చైనీస్ భాషలో స్వరం ఎత్తు దింపులు కూడా అర్థాన్ని మారుస్తాయి. అవి రాత వల్ల రావు, వినాల్సిందే.

తెలుగులో అసలు లేని పలుకుల సంగతి?

ఐదారు ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో చిన్న కసరత్తు.

జాగ్రెబ్ లాంటి పేర్లలోని జ: 'స్స్స్' అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపండి. కంఠం మీద వేలు పెడితే అదరాలి. నాలుక ఎక్కడా అంటుకోకూడదు. అంటుకుంటే మన జ అయిపోతుంది. (జర్మన్ పేర్లకు ఇది వర్తించదు. వాళ్ళ 'జెడ్' ౘ అని పైన చెప్పాం.)

స్పెయిన్‌లోని థరగోథ: తెలుగు థ కాదు. నాలుక కొస పళ్ళ మధ్య ఉంచి గాలి వదలాలి. లాటిన్ అమెరికాలో దీన్ని స అనేస్తారు కాబట్టి, మీరు అటు వెళ్ళేవాళ్ళయితే ఈ కష్టం లేదు.

వ రెండు రకాలు. మన వ ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. వార్సాను అక్కడివాళ్ళు వర్షావ అంటారు. అందులో రెండు చోట్లా పైపళ్ళు కింది పెదవికి తగులుతాయి. వేల్స్‌లో పళ్ళ పని లేదు, పెదవులు గుండ్రంగా చుట్టాలి. వ్రొౘ్‌వాఫ్‌లో మొదటిది పళ్ళ వ, రెండోది పెదవుల వ. నోట్‌బుక్కులో పెదవుల వ కింద చిన్న సున్న చుట్టుకోండి.

జర్మన్, టర్కిష్ పేర్లలో చుక్కల 'యు', ఫ్రెంచి పేర్లలో చుక్కలు లేని 'యు': నోటి లోపల ఈ, బయట ఊ. 'ఈ...' అని సాగదీస్తూ నాలుక కదపకుండా పెదవులు మాత్రం ఈల వేసేట్టు ముందుకు తెండి. అద్దం ముందు పది సార్లు చేస్తే పట్టుబడుతుంది. చాలామంది పెదవులతో పాటు నాలుకనూ వెనక్కి లాగేసి ఉత్త ఊ అంటారు.

ఫ్రెంచి ర: నాలుక కొస కింది పళ్ళ వెనక పడుకోబెట్టి, కొండనాలుక దగ్గర మెత్తగా పుక్కిలించినట్టు. ఇది రాకపోయినా కంగారు లేదు, మన ర తో పలికినా ఫ్రాన్సులో అర్థం చేసుకుంటారు. వేల్స్‌లో జంట 'ఎల్': నాలుకను ల కోసం పెట్టి, గొంతు ఆపేసి, పక్కలనుంచి గాలి ఊదండి. లానెల్లి అనే ఊళ్ళో ఇది రెండుసార్లు వస్తుంది.

ఎంత జాగ్రత్తగా పలికినా 'మీరు చివర ఉ కలుపుతున్నారు' అంటున్నారు. ఎందుకు?

తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి. లండను, పారిసు, బెర్లిను అని మన నోరు దానంతటదే సర్దుకుంటుంది. తెలుగు మాట్లాడేటప్పుడు అది తప్పే కాదు, అందం. వేరే చోట మాత్రం ఊరి పేరు మారిపోతుంది, ముఖ్యంగా ఉ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం వచ్చే భాషల్లో. విరుగుడు: చివరి హల్లు దగ్గర నోరు ఉన్న భంగిమలోనే ఆపేసి రెండు క్షణాలు కదలకండి. 'బెర్లిన్' అన్నాక నాలుక ఇంకా పైనే అంటుకుని ఉండాలి. థాయ్, వియత్నామీ పేర్లలో చివరి క్, ప్, త్ లను అసలు విడిచిపెట్టరు, మూసిన నోరు మూసినట్టే ఉంటుంది.

ముందు వచ్చే జంట హల్లులకూ ఇదే జబ్బు: 'ఇస్కాట్లాండు'. స్ ని ఒక్కదాన్నే రెండు క్షణాలు సాగదీసి, తర్వాత కాట్లాండ్ అతికించండి.

అన్ని అక్షరాలూ సరిగ్గా పలికాను, అయినా అర్థం కాలేదు. ఏం తప్పు?

ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటికీ దాదాపు సమానమైన బరువు. గురువు, లఘువు అనేవి కాలానికి సంబంధించినవి, బలానికి కావు. రష్యన్, ఇంగ్లీషు, స్పానిష్‌లలో ఒక అక్షరం మీద బలం పడుతుంది, అది జారితే వినేవాడికి మాటే మారిపోతుంది.

ఐస్‌లాండ్, ఫిన్లండ్ భాషల్లో ఎప్పుడూ మొదటి అక్షరమే: రేయ్‌క్యవీక్‌లో రేయ్, హెల్సింకిలో హెల్. పోలిష్‌లో చివరినుంచి రెండోది. స్పానిష్‌లో పేరు అచ్చుతోనో, 'ఎన్', 'ఎస్' అక్షరాలతోనో ముగిస్తే చివరినుంచి రెండోది, లేకపోతే చివరిది. పైన గీత కనిపిస్తే ఈ రూలు పక్కన పెట్టి గీత ఉన్నచోట ఊనాలి. గ్రనాదలో నా, మద్రిద్‌లో ద్రిద్, గీత ఉన్న బొగొతాలో తా. రష్యన్‌కు రూలు లేదు, పేరుతోపాటు ఊనిక కంఠతా పట్టాలి. ఊనిక లేని 'ఓ' అక్కడ అ లాగా వినిపిస్తుంది కాబట్టి రాతలో ఓ ఉన్న మాస్కో, నోట్లో మస్క్వా. ఇటాలియన్‌ను నమ్మకండి: సాధారణంగా చివరినుంచి రెండోదే అయినా నాపొలి, తారంతొ, బ్రిందిజి మూడూ మొదటి అక్షరం మీద ఊనే పేర్లు.

నోట్‌బుక్కులో ఊనిక పడే అక్షరం కింద గీత గీయండి. దీర్ఘం పెట్టి సరిపుచ్చుకోకండి. జపనీస్, ఫిన్నిష్‌లలో దీర్ఘం వేరు, ఊనిక వేరు.

చాంతాడంత పేర్లు ఎలా?

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం ఒకటి బూడిద చిమ్మి యూరప్ విమానాలను రోజులతరబడి నేలమీద నిలబెట్టింది. ఆ పేరు అనలేక ప్రపంచంలోని ఎన్నో వార్తా ఛానళ్ళు 'ఐస్‌లాండ్ అగ్నిపర్వతం' అని సరిపెట్టుకున్నాయి. పేరు ఏయ-ఫ్యత్ల-యోకుత్ల్. ఏయ అంటే దీవుల, ఫ్యత్ల అంటే కొండల, యోకుత్ల్ అంటే హిమానీనదం. సమాసం విడదీశాక భయం పోతుంది. మనకు సమాసాలు కొత్త కాదు కదా.

పలకడం మాత్రం వెనకనుంచి మొదలుపెట్టండి. 'యోకుత్ల్' ఐదుసార్లు, 'ఫ్యత్ల-యోకుత్ల్' ఐదుసార్లు, తర్వాత మొత్తం. ముందునుంచి మొదలుపెడితే ప్రతిసారీ తెలిసిన భాగంలో మొదలై తెలియని భాగంలో తడబడతాం. వెనకనుంచి వస్తే ప్రతిసారీ గట్టి నేల మీద దిగుతాం. జంట 'ఎల్' ఆ భాషలో త్ల్ అవుతుందని, చివరి ల్ గుసగుసలాగా వినిపిస్తుందని గుర్తుంటే చాలు.

వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో 58 అక్షరాల పేరున్న రైల్వేస్టేషను ఉంది. 1860ల్లో యాత్రికులను ఆకర్షించడానికి పొడిగించిన పేరది. తెల్ల హేజెల్ చెట్ల పల్లంలోని మేరీమాత గుడి, వడిగల సుడిగుండం దగ్గర, ఎర్ర గుహ ఉన్న తిసిలియో గుడి, ఇదీ దాని భావం. ఊరివాళ్ళు మొదటి రెండు ముక్కలతో సరిపెట్టుకుంటారు. మీరూ అదే చేయండి.

థాయ్‌లాండ్ పేర్లు మన సంస్కృతం లాగే ఉన్నాయి. అలాగే చదవొచ్చా?

చదివితే అర్థం తెలుస్తుంది, ఆటో దొరకదు. ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాం, ఎందుకంటే తెలుగువాళ్ళకు ఇంత సులభంగా తెరుచుకునే పటం ఆసియాలో ఇంకోటి లేదు.

థాయ్ లిపి మన లిపుల కుటుంబంలోదే, పలుకులు మాత్రం జరిగిపోయాయి. మన ప అక్కడ బ అయింది, త ద అయింది. మన గ ఖ అయింది, జ ఛ అయింది, ద, ధ రెండూ థ అయ్యాయి, బ, భ రెండూ వత్తున్న ఫ అయ్యాయి. మాట చివర ర, ల వస్తే న్ అంటారు. చివరి పొట్టి అచ్చులు చాలాచోట్ల రాలిపోతాయి. ఈ నాలుగు సూత్రాలు పెట్టుకుని చూడండి: నగరం నఖోన్ అవుతుంది. జలపురి ఛొన్‌బురీ అవుతుంది. ఉత్తరధాని ఉదోన్ థానీ అవుతుంది. విష్ణులోకం ఫిత్సనులోక్, కాంచనపురి కాన్‌చనబురీ. నఖోన్ రాత్‌ఛసీమా అంటే నగర రాజసీమ.

2006లో తెరిచిన బ్యాంకాక్ విమానాశ్రయం బోర్డు మీద సువర్ణభూమి అని చదవగానే మనకు ప్రాణం లేచొస్తుంది. టాక్సీ డ్రైవరుకు మాత్రం 'సువన్నఫూమ్' అని చెప్పాలి. ఇక్కడ ఫ అంటే ప మీద హ. ఫుకెట్‌లోనూ అంతే, పళ్ళు పెదవికి తగిలితే తప్పు.

బ్యాంకాక్‌ను థాయ్‌లు క్రుంగ్ థేప్ అంటారు. పూర్తి పేరును రోమన్ లిపిలో రాస్తే 168 అక్షరాలు. ఇంగ్లీషు పాఠకుడికి అదొక వింత. తెలుగు పాఠకుడికి చదవగానే తెలిసిపోయే సమాసాల వరస, అందులో కొన్ని: మహానగర, మహాతిలకభవ, నవరత్న రాజధానీ పురీ రమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమరవిమాన అవతారస్థిత, శక్రదత్తియ విష్ణుకర్మ ప్రసిద్ధి. ఒక రాత్రి కూర్చుని ఇది మొత్తం కంఠస్థం చేయండి. పద్యాలు వల్లెవేసిన నోటికి గంట పని.

ఇండోనేషియాలోనూ బంధువులు కనిపిస్తారు. జావాలోని యోగ్యకర్త పేరులో అయోధ్య ఉంది. రాతలో 'వై' ఉన్నా అక్కడ వినిపించేది జొగ్జకర్త.

ఫ్రెంచి పేర్లలో చివరి అక్షరాలు ఎప్పుడు వదిలేయాలి?

చాలాసార్లు వదలాలి: బొర్దో, వెర్సాయ్, పరీ. కానీ కళ్ళు మూసుకుని వదలకండి. నీస్‌లో స వినిపిస్తుంది, బ్రెస్త్‌లో త వినిపిస్తుంది, రెఁస్‌లో స వినిపిస్తుంది. లొరైన్‌లోని ఒక ఊరికి చివర 'టి జెడ్' రాసి మెస్ అంటారు. చిక్కు ఎక్కువ తెచ్చేది కాఁ, కాన్ జత. అరసున్న ఉన్నది ఉత్తరాన నార్మండీలో. న్ ఉన్నది దక్షిణాన మధ్యధరా తీరంలో, సినిమా పండుగ జరిగే ఊరు. టికెట్టు కౌంటరులో ఆ న్ దగ్గర నాలుక తప్పకుండా తగలాలి.

1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంలో ఈ భాష చెవినపడ్డ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువారి సంతతి మారిషస్‌లో నిత్యం ఈ పేర్లే పలుకుతుంది: కత్ర్ బోర్న్, బో బాసెఁ, క్యుర్పీప్. బంధువులను వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళేవాళ్ళు ఈ మూడింటితో మొదలుపెట్టండి.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇంగ్లీషు పేర్లే కదా, అవైనా రాసినట్టు చదవొచ్చా?

అవే ఎక్కువ మోసం చేస్తాయి. ఇలినాయ్‌లో చివరి స లేదు. కనెటికట్‌లో మధ్య క లేదు. టూసాన్‌లోనూ క లేదు. అయోవా రాజధాని డి మోయ్న్. శాన్ హోజేలో 'జె' స్పానిష్ హ. కేన్‌జస్, ఆర్కన్‌సా ఒకేలా రాసినా ఒకేలా పలకరు. రెండోదాని ఉచ్చారణ మీద వాదన తెగక ఆ రాష్ట్ర శాసనసభ 1881లో తీర్మానమే చేసింది. టెక్సస్‌లో హ్యూస్టన్, అదే స్పెల్లింగుతో న్యూయార్క్ వీధి హౌస్టన్. ఇలినాయ్‌లో కైరో స్పెల్లింగుతో ఉన్న ఊరు కేరో. కెంటకీలోని వెర్సాయ్ అక్కడ వర్సేల్స్. ఇలాంటిచోట ఫ్రెంచి పలుకు తెచ్చి దిద్దబోకండి. ఊరి పేరు మీద హక్కు ఆ ఊరివాళ్ళది.

ఇంగ్లండులో లెస్టర్, గ్రెనిచ్, సదర్క్, టెమ్జ్ నది. ఆస్ట్రేలియాలో మెల్బన్, బ్రిజ్బన్, కేన్జ్.

మొదటిసారి వెళ్ళే అమ్మానాన్నలకు ఒక మాట. ఇమ్మిగ్రేషన్ కౌంటరులో 'ఎక్కడికి' అని అడిగినప్పుడు ఊరు, రాష్ట్రం, రెండే పేర్లు కావాలి. ఆ రెండూ అబ్బాయితోనో అమ్మాయితోనో ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా చెప్పించుకుని, బయల్దేరడానికి వారం ముందునుంచి రోజూ పదిసార్లు వినండి. చిరునామా కాగితం చేతిలో ఉంచుకోండి. పలుకు తడబడితే కాగితం చూపించడం చిన్నతనం కాదు.

తెలుగులో మాట్లాడేటప్పుడూ 'పరీ', 'మస్క్వా' అనాలా?

అక్కర్లేదు. తెలుగు వాక్యంలో పారిస్, మాస్కో అనండి. ప్రతి భాషకూ దూరపు ఊళ్ళకు సొంత పేర్లుంటాయి. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడలెక్కి వెళ్ళినందుకు అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అన్నారు. ఆ రెండు పేర్లలో ఎంత చరిత్ర ఉందో చూడండి. అలాంటివి చెరిపేసుకోకూడదు. ఆ దేశంలో ఉన్నప్పుడు, ఆ దేశపు మనిషితో మాట్లాడేటప్పుడు వాళ్ళ పలుకు వాడండి. ఆ ప్రజలు ఫలానా పేరు వద్దని అడిగినచోట మాత్రం తెలుగులోనూ మార్చుకోవడం మర్యాద: కీవ్‌ను ఉక్రేనియన్ పలుకుతో పిలవమని వాళ్ళు అడుగుతున్నారు, అంతే చేద్దాం.

ఎక్కడ వినాలి?

ఫోర్వో సైటులో ఆయా భాషలవాళ్ళే పలికి పెట్టిన రికార్డింగులు ఉంటాయి. కనీసం ఇద్దరివి వినండి. వికీపీడియా వ్యాసం మొదట్లో కొన్ని పేర్లకు స్పీకరు గుర్తు ఉంటుంది. మాకు అన్నిటికంటే నచ్చేది యూట్యూబ్‌లో దొరికే స్థానిక రైళ్ళ, మెట్రోల ప్రయాణపు వీడియోలు. స్టేషన్ల పేర్లు అలవాటుగా, సహజమైన వేగంలో, వరసగా వినిపిస్తాయి. యంత్రపు గొంతుతో చదివే అనువాద యాప్‌ను చివరకు పెట్టుకోండి. భాష సరిగ్గా ఎంచకపోతే అది పోలిష్ పేరును ఇంగ్లీషులో చదివేస్తుంది.

రోజూ ఎంతసేపు, ఎలా?

పదిహేను నిమిషాలు, ఐదు పేర్లు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే రెండో వారానికి మానేస్తారు. ఒక్కో పేరును నోరు తెరవకుండా పదిసార్లు వినండి. తర్వాత స్పెల్లింగు చూడకుండా తెలుగులో రాయండి. అప్పుడు పలికి, ఫోన్లో రికార్డు చేసి, అసలుదాని పక్కన పెట్టి వినండి. ఒకేసారి ఒక్క తప్పే దిద్దుకోండి. మర్నాడు పాత ఐదూ జ్ఞాపకంనుంచి పలికాకే కొత్తవి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి.

నోట్‌బుక్కులో నాలుగు గడులు: అక్కడి లిపిలో పేరు, తెలుగు రాత, ఊనిక, అర్థం. మొదటి గడి చాలామంది వదిలేస్తారు, వదలకండి. ఎప్పుడో ఆ స్టేషనులో నిలబడ్డ రోజున బోర్డు మీద ఉండేది ఆ లిపే.

నేను ఎక్కడికీ వెళ్ళలేను. డబ్బూ లేదు, వీలూ లేదు. అయినా నేర్చుకోవాలా?

నేర్చుకోండి. ఊరి పేరులో ఆ నేల సంగతి ఉంటుంది: నది, రంగు, కట్టినవాడు, పొగ. రేయ్‌క్యవీక్ అంటే పొగల అఖాతం. వేడినీటి ఊటల ఆవిరి చూసి పెట్టిన పేరు. అది తెలిసి పలికినవాడికి ఆ ఊరు చుక్కగా మిగలదు.

ఇంట్లో కూర్చుని చేసే ప్రయాణానికి రైలు మార్గాన్ని మించింది లేదు. మాస్కోనుంచి వ్లదివస్తోక్ దాకా 9,289 కిలోమీటర్లు, సుమారు వారం ప్రయాణం. రోజుకు రెండు స్టేషన్ల చొప్పున పటం మీద కదలండి. యెకతిరిన్‌బూర్గ్, ఊనిక బూర్గ్ మీద. త్యుమేన్. నవసిబీర్స్క్, బీర్ మీద, కొత్త సైబీరియా అని. క్రస్నయార్స్క్. ఇర్కూత్స్క్, ఇర్కుత్ నది పేరుమీద. ఇక్కడికి దగ్గర్లోనే బైకాల్ సరస్సు. ఉలాన్ ఉదే, బుర్యాత్ భాషలో ఉలాన్ అంటే ఎరుపు. చితా. హబారఫ్‌స్క్. చివరకు వ్లదివస్తోక్, వస్తోక్ అంటే తూర్పు. ప్రతి ఊరి దగ్గరా ఆ రోజు అక్కడి వాతావరణం, టైము చూసి రాసుకోండి. ఒకే దేశంలో మాస్కోకీ వ్లదివస్తోక్‌కీ ఏడు గంటల తేడా ఉందని అప్పుడు ఒంటికి తెలుస్తుంది.

సరిగ్గా పలికినా తప్పు ఊరికి టికెట్టు వస్తే?

వస్తుంది, ఎందుకంటే ఒకే పేరుతో ఊళ్ళున్నాయి. జర్మనీలో ఫ్రాంక్‌ఫుర్ట్‌లు రెండు, ఒకటి మైన్ నది మీద, ఇంకోటి పోలండ్ సరిహద్దులో ఓడర్ నది మీద. నది పేరు కలిపి చెప్పండి. విమానానికైతే మూడక్షరాల కోడ్ చూడండి: కాలిఫోర్నియా శాన్ హోజే 'ఎస్ జె సి', కోస్టారికా శాన్ హొసే 'ఎస్ జె ఓ'. చివరి అక్షరం ఒక్కటే తేడా, మధ్యలో కొన్ని దేశాలున్నాయి. డబ్బు కట్టేముందు కోడ్‌ను గట్టిగా పైకి చదవండి.

మన ఊరి పేరు విదేశీ మిత్రులకు ఎలా నేర్పాలి?

తేలిక చేయడానికి పేరు నరకకండి. దొరలు కాకినాడను కొకనాడ, మచిలీపట్నాన్ని మసులిపటం, విశాఖపట్నాన్ని వైజగపటం చేసుకున్నారు. ఆ పని మళ్ళీ మనమే చేయనక్కర్లేదు. అర్థం చెప్పండి: పట్నం, పురం, వాడ, పల్లి, గూడెం. రెండు ఊళ్ళ పేర్లలో ఒకే తోక వినిపించగానే వాళ్ళకు ఉత్సాహం వస్తుంది. ఊనిక వద్దని, అక్షరాలన్నీ ఒకే బరువుతో నడవాలని చెప్పండి; చేత్తో తాళం వేసి చూపిస్తే త్వరగా అందుతుంది. మీ గొంతుతో నెమ్మదిగా ఒకసారి, మామూలుగా రెండుసార్లు రికార్డు చేసి పంపండి. తాడేపల్లిగూడెం లాంటివాటికి మళ్ళీ వెనకనుంచే: ముందు గూడెం, తర్వాత పల్లిగూడెం, ఆ తర్వాత తాడేపల్లిగూడెం. చివరి సున్న దగ్గర పెదవులు మూసి ఆగమనండి.